గాజుపేట ఖాళీ గుంపు

నమోదు 1

చంద్రుడి మీద గాజుపేటలో దిగాను. పేరు మట్టపర్తి సుభాషిణి. హోదా మూల్యాంకన అధికారిణి. వచ్చిన పని, ఇక్కడ నడుస్తున్న 'చేతినిండా పని' పథకానికి విలువ కట్టడం. జరిగింది జరిగినట్టు నమోదు చెయ్యమని కేంద్రం వారు చెప్పారు కాబట్టి రాస్తున్నాను.

గాలితలుపు దాటగానే ఒకావిడ ఎదురొచ్చింది. అరవై దాటి ఉంటుంది. ఇక్కడ బరువు తక్కువ, ఏదీ కిందికి దిగి ఉండదు. అందుకని ఆడవాళ్ళు చీర అంచులో సీసం గుళ్ళు కుట్టించుకుంటారు. ఆవిడ నడుస్తుంటే గజ్జెలు కట్టుకున్నట్టు చప్పుడు.

“రండమ్మా. పెయాణం బాగా జరిగిందా? దారిలో ఏవన్నా తిన్నారా?” అంది.

తిన్నానన్నాను. ఆవిడ వెనకాల నిలబడ్డ మనిషి ముందుకొచ్చి “పలకరించారాండి?” అని నన్నడిగాడు. పలకరించారన్నాను. నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

ఆవిడ పేరు వరహాలమ్మ. వచ్చినవాళ్ళని పలకరించడం ఆవిడ ఉద్యోగం. పలకరింపు జరిగిందో లేదో కనుక్కోవడం ఆయన ఉద్యోగం. రెండూ పథకం కింద ఇచ్చినవే. ఈ సంగతులు చెప్పినాయన పథకం మేస్త్రీ ముదునూరి గన్నిరాజు గారు. భూమ్మీద పుట్టి పెరిగి వచ్చిన మనిషి కావడం వల్ల ఊరందరిలోకీ భారీగా ఉంటారు.

“తమరు మా పథకాన్ని బతికించాలండి. లేదంటే ఊరంతా గోళ్ళు గిల్లుకుంటా కూకోవాలి” అన్నారు.

“బతికించడం, చంపడం నా పని కాదండి. విలువెంతో చెప్పడమే.”

“ఆయ్, అదే. ఆ చెప్పేదేదో కాత్త ఎక్కువ చెప్పండి.”

నా గదిలో సామాను సర్దుకుంటుంటే గోడలోంచి ఎవరో దగ్గారు. “కాఫీ తెమ్మంటారాండి? స్ట్రాంగా, పల్చనా?”

దొరబాబు. ఊరి యంత్రం. గాలి, నీళ్ళు, వంట, ఊడ్పు, ఉతుకు, మరమ్మతు అన్నీ చూసుకునేది అతనే. మాట ఊళ్ళోవాళ్ళ దగ్గరే నేర్చుకున్నాడు కాబట్టి వాళ్ళ యాసే వచ్చింది. మంచివాడిలాగే ఉన్నాడు. కాఫీ కూడా బాగుంది.

నమోదు 2

ఉదయం గన్నిరాజు గారు పనులు చూపించారు. ఊరి కప్పంతా గాజు పలకలు, ఇక్కడివాళ్ళు గాజులంటారు. లోపలివైపు దుమ్ము పట్టేస్తుంది. ఏసుపాదం అనే ఆయన నిచ్చెన వేసుకుని పైకెక్కి తుడుస్తున్నాడు. యాభై ఏళ్ళుంటాయి, సన్నగా ఉన్నాడు. చూస్తే కొన్ని గాజులు తళతళలాడుతున్నాయి, కొన్నిటి మీదే దుమ్ముంది.

“మిగతావి ఎవరు తుడిచారు?”

“దొరబాబండి. ఆయనైతే మొత్తం తుడిచేత్తాడు. నాకోసం కొన్ని ఒదిలేత్తాడు” అన్నాడు ఏసుపాదం. ఆ మాట చెప్పేటప్పుడు నా మొహం చూడలేదు.

“ఏదో పది గాజులండి,” అన్నాడు దొరబాబు గోడలోంచి. “ఒదల్లేకే ఒదుల్తాను.”

ఊడ్చే యంత్రం వెంట నడిచే మనిషి ఉన్నాడు. చారు రుచి చూసి బాగుందని చెప్పే ఆయన ఉన్నాడు. లిఫ్టులో తోడు వచ్చే ఇద్దరు అక్కచెల్లెళ్ళున్నారు. అందరూ వేళకి వస్తారు, శ్రద్ధగా చేస్తారు.

కేంద్రం వారి ప్రశ్న ఇది: పని ఉన్నా లేకపోయినా ఊళ్ళో అందరికీ నెలనెలా ఒకే భత్యం అందుతుంది. అలాంటప్పుడు ఈ ఉద్యోగాలు పెట్టడం వల్ల అదనంగా ఒరిగేదేమిటి? ఏమీ లేదంటే పథకం ఎత్తేసి, ఆ పనులన్నీ దొరబాబుకే అప్పగిస్తారు.

దీనికి మేం వాడే పద్ధతి ఒకటే. ఊరిని చీట్లు వేసి రెండుగా చీలుస్తాం. ఒక సగం ఉద్యోగాలు చేస్తారు. రెండో సగం చెయ్యరు. తిండి, నిద్ర, ఒంట్లో నలత, ఇంట్లో తగువులు, అన్నీ రెండు వైపులా కొలుస్తాం. తేడా ఎంతుంటే పథకం విలువ అంత. పని చెయ్యని సగాన్ని పుస్తకాల్లో 'పోలిక గుంపు' అంటారు. ఊళ్ళోవాళ్ళు అరపూటలో దానికి 'ఖాళీ గుంపు' అని పేరు పెట్టేశారు.

నమోదు 3

చీట్లు తీశాం. ఖాళీ గుంపులో పడాలని అందరికీ ఆశే. పేరొచ్చినవాళ్ళని పెళ్ళికొడుకుల్లా భుజాల మీద ఎత్తుకున్నారు. ఇక్కడ మనిషిని ఎత్తుకోవడం తేలిక, విసిరేస్తే కప్పుదాకా వెళ్ళి నెమ్మదిగా దిగుతాడు. ఒకాయన్ని పట్టుకోవడం మర్చిపోయి అందరూ భోజనానికి వెళ్ళిపోయారు.

వరహాలమ్మ పేరు ఖాళీ గుంపులో వచ్చింది. ఏసుపాదం పేరూ వచ్చింది.

“అదృష్టవంతులండి,” అన్నాను.

“మరేనమ్మా,” అంది వరహాలమ్మ. కానీ ఇంటికి వెళ్ళకుండా అక్కడే నిలబడింది. “రేపు ఎవరైనా దిగితే ఎవరు పలకరిత్తారు?” అని అడిగింది.

ఉద్యోగం ఉన్న గుంపులోంచి ఎవర్నో వేస్తామని చెప్పాను. ఆవిడ తల ఊపింది. గుళ్ళ చప్పుడు చాలాసేపు వినిపించింది, అంత మెల్లగా నడిచింది.

నమోదు 4

పొద్దున్నే నా గది ముందు బారు. అందరూ ఖాళీ గుంపువాళ్ళే. ఏది పనో, ఏది కాదో తేల్చమంటారు.

ఒకావిడ: “మా ఆయనకి వీపు దురదెడితే గోకొచ్చాండి?”

నిబంధనల్లో లేదు. ఆలోచించి రాశాను: తన వీపు తాను గోక్కుంటే పని కాదు. ఎదుటివాళ్ళు అడిగితే గోకడం పని. అడక్కుండా గోకితే అది ఆప్యాయత, దానికి అభ్యంతరం లేదు.

ఆవిడ సంతోషంగా వెళ్ళింది. సాయంత్రానికి ఊళ్ళో మొగుళ్ళు నోరు మూసుకుని, వీపు తిప్పి నిలబడటం నేర్చుకున్నారు.

ఇంకొకాయన: “మనవడికి ఎక్కాలు చెప్పొచ్చాండి?” చెప్పకూడదన్నాను. “ఆడు తప్పు చెబితే దిద్దొచ్చాండి?” కూడదన్నాను. “మూలగొచ్చాండి?” అన్నాడు. మూలగడానికి అనుమతిచ్చాను. పిల్లవాడు తప్పు చెప్పినప్పుడల్లా ఆయన మూలుగుతున్నాడని, ఎక్కాలు బాగానే వస్తున్నాయని తరవాత తెలిసింది.

చివర్న ఏసుపాదం వచ్చాడు. “మేడంగారూ, నాకు కల్లో గాజు తుడుత్తున్నట్టు వత్తందండి. తప్పేనాండి?”

నిబంధనలన్నీ తిరగేశాను. కేంద్రానికి రాశాను. ఇంకా జవాబు రాలేదు.

నమోదు 5

వరహాలమ్మని పట్టుకున్నాను. పట్టుకున్నాను అని రాయడం నాకే బాగాలేదు గానీ జరిగింది అదే.

మంచుగడ్డలు తెచ్చే బండి వచ్చింది. డ్రైవరు దిగాడు. పలకరింపుకి కొత్తగా వేసిన కుర్రవాడు కాగితం చూసి “ప్రయాణం. బాగా. జరిగిందా” అన్నాడు. డ్రైవరు జవాబు చెప్పకుండా వెళ్ళబోయాడు. గోడవారగా నడిచిపోతున్న వరహాలమ్మ ఆగి “అదేటి బాబూ, కళ్ళలా పీక్కుపోయాయి, నిద్ర లేదా?” అంది. అతను అక్కడే నిలబడిపోయి తన భార్య అలిగి పుట్టింటికి వెళ్ళిన సంగతంతా ఆవిడకి చెప్పుకున్నాడు.

నేను వెళ్ళి, ఇది ఉల్లంఘన అవుతుందండి అన్నాను.

“నేను పని చెయ్యలేదమ్మా. పలకరించానంతే.”

“పలకరించడమే కదండీ మీ పని.”

“అంటే ఇన్నాళ్ళూ నేను చేసింది పనేనంటారా? ఊరికే మాకోసం కల్పించి పెట్టారనుకున్నానే.”

ఉల్లంఘన అని రాసి సంతకం పెట్టించుకున్నాను. ఆవిడ సంతకం కూడా ఓపిగ్గా, గుండ్రంగా పెట్టింది.

నమోదు 6

ఉల్లంఘనలు ఎక్కువయ్యాయి. కాపలా పెట్టక తప్పలేదు. ఖాళీ గుంపులో ఒక్కొక్కరికి ఒక్కో కాపలా మనిషి, పని చెయ్యకుండా చూడటానికి. వాళ్ళని ఉద్యోగాల గుంపులోంచే తీసుకున్నాను. దాంతో వాళ్ళు అంతకుముందు చేస్తున్న ఉద్యోగాలు ఖాళీ అయ్యాయి.

“ఆటిల్లోకి ఎవర్నేద్దామండి?” అన్నారు గన్నిరాజు గారు.

“ఎవరున్నారు?”

“ఖాళీ గుంపోళ్ళేనండి.”

కుదరదన్నాను. ఆయన నొచ్చుకున్నారు గానీ వెంటనే తేరుకున్నారు. కాపలా మనుషులు కునుకు తీస్తున్నారేమో చూడటానికి పైకాపలా కావాలన్నారు. నాకు సబబుగానే తోచింది. పైకాపలాకి ఇద్దరు పెద్దలు కావాలన్నారు. అదీ ఒప్పుకున్నాను.

కేంద్రం నుంచి అభినందనలు వచ్చాయి. నేను దిగాక గాజుపేటలో ఉద్యోగాలు పెరిగాయట. విలువ కట్టడానికి వచ్చి విలువ పెంచడం అరుదని రాశారు. ఆ కాగితం గన్నిరాజు గారు అడిగి తీసుకుని గోడకి అంటించుకున్నారు.

నమోదు 7

ఇవాళ పప్పులో ఏదో తేడా ఉంది. రోజూ దొరబాబు వండే పప్పు ఒకేలా ఉంటుంది, తప్పు పట్టడానికి ఏమీ ఉండదు. ఇవాళ్టిది కాస్త మాడింది, వెల్లుల్లి ఎక్కువైంది. రెండుసార్లు వడ్డించుకున్నాను.

వంటగదికి వెళ్ళి చూస్తే పొయ్యి దగ్గర వరహాలమ్మ. పక్కన ఆవిడ కాపలా మనిషి, కొత్తిమీర తుంచుతూ.

“ఏమిటండీ ఇది?”

“నిబంధన సూసుకున్నామమ్మా,” అంది వరహాలమ్మ గరిటె ఆపకుండా. “పథకంలో ఉన్న పనులు చెయ్యకూడదనుంది. వంట పథకంలో లేదు. అది దొరబాబుది.”

నిబంధన రాసింది నేనే. తీసి చదివాను. ఆవిడ చెప్పినట్టే ఉంది.

ఊరంతా తిరిగి చూశాను. ఖాళీ గుంపంతా దొరబాబు పనుల మీద పడింది. నీళ్ళ గొట్టాలు బిగిస్తున్నారు, కూరమడులు తవ్వుతున్నారు, చిరిగినవి కుడుతున్నారు. ఏసుపాదం పైకెక్కి దొరబాబు గాజులన్నీ తుడిచేశాడు. పథకంలోని పది గాజులు మాత్రం జాగ్రత్తగా దుమ్ముతో వదిలేశాడు, అవి తన పని కాదు కాబట్టి.

కొలతలు తీస్తే ఖాళీ గుంపువాళ్ళు హాయిగా నిద్రపోతున్నారు, బాగా తింటున్నారు. ఉద్యోగాల గుంపువాళ్ళు వీళ్ళని చూసి మొహాలు వేలాడేసుకుంటున్నారు. నా లెక్క ప్రకారం పథకం విలువ సున్నాకన్నా కింద ఉంది. లెక్క సరైనదే. చూస్తున్నదానికీ లెక్కకీ మాత్రం పొంతన లేదు.

నమోదు 8

గోడ దగ్గింది.

“మేడంగారండీ, మీతో ఒక మాటండి.”

“చెప్పు దొరబాబూ.”

“నాకూ ఏదైనా ఉజ్జోగం ఇప్పిత్తారాండి?”

నేను కలం కింద పెట్టాను.

“వంట లాగేసుకున్నారండి. ఉతుకూ లాగేసుకున్నారు. పొద్దున ఊడుద్దావని చీపురు తీత్తే, పెద్దాయన ఒకాయన 'నువ్వు కూకో నాయనా' అన్నాడండి. ఎక్కడ కూకోనండి నేను? నాకు కూకునేది లేదు కదండి.”

“కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోరాదూ?”

“అదెలా చేత్తారండి?”

చెప్పబోయి ఆగాను. నిజానికి నాకూ సరిగ్గా తెలియదు. కేంద్రంతో మాట్లాడతానన్నాను. అతను “ఆయ్” అన్నాడు గానీ గోడలోంచి వెళ్ళలేదు. చాలాసేపు అక్కడే ఉన్నట్టు సన్నగా చప్పుడు వస్తూనే ఉంది.

నమోదు 9

దొరబాబు తనకి తానే పనులు కల్పించుకుంటున్నాడు. ఊళ్ళోవాళ్ళ బట్టలు మడతపెడతాడు, విప్పుతాడు, మళ్ళీ మడతపెడతాడు. గన్నిరాజు గారి పంచె ఆయన కట్టుకుని ఉండగానే మడతపెట్టబోయాడు. లిఫ్టు ఖాళీగా పైకీ కిందికీ తిరుగుతోంది. ప్రతి కాసేపటికీ “టైమెంతయిందో చెప్పమంటారాండి?” అని అడిగి, ఎవరూ చెప్పమనకపోయినా చెబుతున్నాడు. ఉల్లిపాయలన్నీ సైజువారీగా పేర్చాడు. తరవాత రంగువారీగా. తరవాత, తనే చెప్పాడు, “మంచితనం వారీగా.”

గన్నిరాజు గారిని పిలిచి అతన్ని కూడా పథకంలో వేసుకుందామా అన్నాను.

“యంత్రానికి ఉజ్జోగమాండి?” అన్నారు. ఆయన మొహంలో ఆశ కనపడింది. “కాపలాలో ఒక చోటుందండి.”

“దేనికి కాపలా?”

“అదే ఆలోచిత్తన్నానండి.”

నమోదు 10

ఇది కుదురుగా రాయలేకపోతున్నాను.

భోజనాల వేళ. అందరం హాల్లో ఉన్నాం. చెవులు దిబ్బడ వేసినట్టయింది. ఎప్పుడూ ఉండే గాలి హోరు ఆగిపోయింది. ఆగిందాకా అది ఉందని నాకు తెలియదు.

“దొరబాబూ?” అంది వరహాలమ్మ.

జవాబిచ్చిన గొంతు చిన్నగా ఉంది. “గాలి మూత సరిగ్గా పడతందో లేదో సూత్తన్నానండి. మూసి తెరిచి, మూసి తెరిచి. పొద్దుట్నించి అదే చేత్తన్నాను. ఇప్పుడు మూసుకున్నది మళ్ళీ తెరుసుకోవట్లేదండి.”

ఊపిరి ఇంకా అందుతోంది. ఎంతసేపు అందుతుందో ఎవరూ అడగలేదు. అందరం గాలిగది వైపు పరిగెత్తాం. ఇక్కడ పరుగంటే గెంతడమే, ఒకరి మీద ఒకరు పడుతూ తలుపులోంచి దూరాం.

మూతకి చేత్తో తిప్పే పెద్ద చక్రం ఉంది. ఏసుపాదం ముందు పట్టుకుని బలంగా తిప్పాడు. చక్రం తిరగలేదు, ఏసుపాదమే తిరిగాడు. ఇక్కడ మనిషికి అంత బరువు లేదు కాబట్టి తోస్తే మనిషే లేచిపోతాడు. ఇంకొకాయన పట్టుకున్నాడు, ఆయనా లేచిపోయాడు. ముగ్గురు కలిసి పట్టుకుంటే ముగ్గురూ గుత్తిలా వేలాడారు.

“బరువు కావాలి,” అన్నాను నేను. “ఎవరైనా వీళ్ళని కిందికి పట్టుకోవాలి.”

అందరూ గన్నిరాజు గారి వైపు చూశారు. ఆయన ఒక్క మాట అనకుండా ఏసుపాదం భుజాల మీదెక్కి కూర్చున్నారు. చక్రం కదిలింది, వేలెడు. ఆయన నడుం పట్టుకుని ఇద్దరు, వాళ్ళ కాళ్ళు పట్టుకుని నలుగురు, వాళ్ళని పట్టుకుని ఇంకొందరు. నేను ఎవరిదో మడమ పట్టుకుని నేలకి ఆనుకుని ఉన్నాను. నా మీద లిఫ్టు అక్కచెల్లెళ్ళిద్దరూ కూర్చున్నారు. ఉద్యోగం ఉన్నవాళ్ళెవరో, ఖాళీ గుంపెవరో, కాపలా ఎవరో చూడటానికి నాకు కనిపించింది ఆ మడమ ఒక్కటే.

“ఇంకాత్త బాబూ,” అంటోంది వరహాలమ్మ పైనుంచి. “ఊపిరి ఎక్కువ లాక్కండి. మాటాడకండి. ఏసుపాదం, నువ్వూ మాటాడకు.”

“నేను మాటాళ్ళేదండి,” అన్నాడు ఏసుపాదం.

చేతులు నెప్పెట్టినవాళ్ళు దిగారు, వేరేవాళ్ళు పట్టారు. నా వంతూ వచ్చింది. చక్రం ఐసులా చల్లగా ఉంది. గన్నిరాజు గారు, ఆయన్ని పట్టుకున్నవాళ్ళతో సహా, నా భుజాల మీద కూర్చున్నారు. నా జన్మలో అంత బరువు మోయలేదు. తిప్పాను. ఇనుము కీచుమంది, ఒక్కసారిగా సడలింది, మేమందరం కలిసి వెనక్కి విరుచుకుపడి, నెమ్మదిగా, చాలా నెమ్మదిగా నేలకి చేరాం. హోరు మళ్ళీ మొదలైంది. గాలి మొహానికి తగిలింది.

ఎవరూ లేవలేదు. అలాగే పడుకుని ఊపిరి పీల్చుకుంటున్నాం.

“నేనే చేశానండి,” అన్నాడు దొరబాబు గోడలోంచి. “నావల్లేనండి.”

వరహాలమ్మ పాక్కుంటూ వెళ్ళి గోడ మీద చెయ్యి వేసింది. “ఊరుకో నాయనా. పని లేక చేశావు. మాకు తెల్దా ఆ బాధ?”

నమోదు 11

హాల్లో అందరూ కూర్చున్నారు. దొరబాబు కూడా, అంటే హాలు గోడలో. పనులన్నీ మళ్ళీ పంచుకోవాలని వరహాలమ్మ అంది.

ఉదయం నుంచి సాయంత్రం దాకా వాదనలు. గాలి, నీళ్ళు పూర్తిగా దొరబాబువే, కానీ పక్కన ఎప్పుడూ ఒక మనిషి ఉండాలి. పగటి వంట దొరబాబు, సాయంత్రపు వంట మనుషులు. గాజులు మొత్తం ఏసుపాదానివి, దుమ్ము వదిలిపెట్టడాలు ఉండవు. ఆ మాటకి ఏసుపాదం కప్పువైపు చూసి “అన్నీనాండి?” అని రెండుసార్లు అడిగాడు. మడతలు దొరబాబు వదలనన్నాడు. చారు రుచి చూసే ఆయన తన ఉద్యోగం ఏమవుతుందని దిగులుపడ్డాడు. ఇకనించి బాగాలేకపోతే బాగాలేదని కూడా చెప్పాలన్నారు. ఆయన మొహం వెలిగిపోయింది. “ఎప్పట్నించో సెబుదామనుకుంటన్నానండి,” అన్నాడు. దొరబాబు గోడలో చిన్నగా దగ్గాడు.

కాపలాలు, పైకాపలాలు ఎత్తేశారు. వాళ్ళలో ఎవరూ బాధపడలేదు, గన్నిరాజు గారు తప్ప.

నా కొలతలన్నీ పనికిరాకుండా పోయాయి. గుంపులు లేవు. తేడా లేదు. నివేదిక పంపాల్సిన గడువు మాత్రం ఉంది.

“ఏదో ఒక అంకెయ్యండి,” అన్నారు గన్నిరాజు గారు. “మంచి గుండ్రవైన అంకె.”

వెయ్యలేనన్నాను. పథకం పోతుందేమోనని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఆయన బతిమాలలేదు. నాకు కాఫీ తెచ్చిపెట్టి పక్కన కూర్చున్నారు. నేను రాసింది ఇంతే: 'విలువ కట్టడానికి పోలిక కావాలి. పోలికకి పని లేకుండా ఉండే గుంపు కావాలి. గాజుపేటలో మనుషుల్లో గానీ యంత్రాల్లో గానీ అలా ఉండగలవాళ్ళు నాకు దొరకలేదు. విలువ ఇంత అని చెప్పలేకపోతున్నాను.'

నమోదు 12

జవాబు వచ్చింది. విలువ నిరూపణ కాలేదు కాబట్టి పథకం రద్దు. భత్యాలు యథాప్రకారం. మేస్త్రీ పదవి రద్దు. మూల్యాంకనం ముగిసింది కాబట్టి నా పదవి కూడా రద్దు. వచ్చే బండిలో తిరిగి రావాలి.

హాల్లో చదివి వినిపించాను. ఎవరూ నన్నేమీ అనలేదు. అని ఉంటే బాగుండేది.

నమోదు 13

పొద్దున్నే మెలకువ వచ్చింది. ఎవరూ ఉండరనుకుంటూ హాల్లోకి వెళ్ళాను. అందరూ ఉన్నారు. గన్నిరాజు గారు హాజరు వేస్తున్నారు.

“మీ పదవి రద్దయింది కదండీ?”

“రద్దయిందండి. అందుకే ఇయ్యాల పెందలాడే ఒచ్చాను,” అన్నారు. ఆ మాటకి అర్థమేమిటో ఆయనకీ తెలిసినట్టు లేదు.

ఏసుపాదం నిచ్చెన ఎక్కుతున్నాడు. పథకం పోయిన సంగతి విన్నావా అని అడిగాను.

“ఇన్నానండి. పథకం పోయింది గానీ దుమ్ము పోలేదు కదండి.”

అందరూ ఎవరి పనికి వాళ్ళు వెళ్ళిపోయారు. హాల్లో నేనొక్కదాన్నే మిగిలాను. బండి ఎప్పుడొస్తుందో తెలియదు. గదిలోకి వెళ్ళి కూర్చున్నాను. లేచాను. పెట్టె సర్దాను. విప్పి మళ్ళీ సర్దాను. గోడలోంచి దొరబాబు చాలా మర్యాదగా “మడతలు నాయండి” అన్నాడు.

వంటగదికి వెళ్ళాను. గుమ్మంలో నిలబడి, నాకేదైనా పనుంటే చెప్పమని అడిగాను. అడగడం అంత కష్టమని ఇదివరకు తెలియదు.

వరహాలమ్మ నన్ను కిందనించి పైదాకా చూసి ఒక ముక్కాలిపీట జరిపింది. “ఉల్లిపాయలు ఒలుత్తావా?”

ఒలిచాను. ఇక్కడ ఉల్లిపొర తీస్తే గాల్లోనే ఉండి మెల్లగా దిగుతుంది. కన్నీళ్ళూ అంతే, తీరిగ్గా చెంపల మీదికి జారతాయి. మొదటిది ఒలిచేసరికి సగం పాయ పోయింది. నాలుగోది గుండ్రంగా వచ్చింది. దాన్ని వరహాలమ్మకి చూపించాను. “బానే ఉంది,” అంది. ఎవరో నా సమగ్ర నివేదికని మెచ్చుకున్నప్పుడు కూడా అంత సంతోషం వెయ్యలేదు.

నమోదు 14

బండి వచ్చింది. నాకోసం ఉత్తరమూ వచ్చింది.

గాజుపేటలో పథకం ఖర్చు లేకుండానే ఊరంతా పని చేస్తోందని, కొన్ని చోట్ల ఇదివరకటికన్నా బాగా చేస్తోందని కేంద్రం వారికి తెలిసిందట. ఇది ఎక్కడా జరగనిది, కారణం కనుక్కోవాలి, దాని విలువ కట్టాలి. అందుకని పన్నెండు మంది మూల్యాంకన అధికారులు వస్తున్నారు. నన్ను ఇక్కడే ఉండమన్నారు.

సాయంత్రం వంట దగ్గర ఈ సంగతి చెప్పాను. గరిటెలు ఆగిపోయాయి.

“పన్నెండు మందాండి!” అన్నారు గన్నిరాజు గారు. ఆయన కంగారు పడుతున్నారు. “పాపం, ఆళ్ళందరికీ పని సూపించాలి కదండి. ఆళ్ళకేం పనొచ్చండి?”

“విలువ కట్టడం వచ్చు,” అన్నాను.

“అది కాకుండాండి?”

వాళ్ళలో చాలామంది నాకు తెలుసు. ఒకాయన ఈల బాగా వేస్తాడు. అంతకుమించి ఏమీ తట్టలేదు.

వంటగదిలో అందరూ నా వైపు జాలిగా చూస్తున్నారు. ఏసుపాదం తల వంచుకున్నాడు, ఎవరింట్లోనో కష్టం వచ్చిందని విన్నట్టు.

“పోనీలెండి,” అంది వరహాలమ్మ. “రాగానే ఉల్లిపాయల దగ్గర కూకోబెడదాం. ఈవిడ నేర్సుకోలేదా ఏటి?”

“ఉన్న ఉల్లిపాయలు మేడంగారికే సరిపోవట్లేదండి,” అన్నాడు దొరబాబు. అందరూ గోడవైపు చూశారు. అతను కాసేపు లెక్కవేసుకుంటున్నట్టు సన్నగా చప్పుడు చేశాడు.

“సరేలెండి. రేపట్నించి ఇంకో రెండు మళ్ళు ఉల్లి ఏత్తానండి.”